అమీర్‌బీ పేరు మీద చక్కెర

గంగారత్నం కువైట్‌కు రెండోసారి వచ్చింది కూతురి పురిటికి. మొదటిసారి రెండు కాళ్లతో వచ్చి ఒంటికాలితో తిరిగిపోయింది. మోకాలి కింద నుంచి తీసేసిన ఆ కాలు ఈ దేశంలోనే ఏ ఆసుపత్రి చెత్తలోనో కలిసిపోయింది. ఎయిర్‌పోర్టులో ఆమె ప్లాస్టిక్ కాలును విప్పించి, మిషన్‌లో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశారు గానీ, అది ఎందుకు తగిలించుకోవాల్సి వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదే.

ఊళ్లో మాత్రం అడిగేవాళ్లు. రాజంపేట బస్టాండు దగ్గర చిన్న బంకు పెట్టుకుని బీడీలు, సోడాలు, అరటిపళ్లు అమ్ముకుంటూ బతికిన మనిషి ఆమె. కాలు ఎట్లా పోయిందని అడిగినవాళ్లకు మొదట్లో "యుద్ధంలో" అని చెప్పేది. నవ్వేవాళ్లు. ఆడమనిషేంటి, యుద్ధమేంటి అని సోడా తాగి, ఆ ముక్క పక్కవాడికి చెప్పి మళ్లీ నవ్వేవాళ్లు. ఒకరోజు ఒళ్లు మండి "లారీ కింద పడినా" అంది. అడిగినాయన అయ్యో పాపం అన్నాడు. ఆ రోజు నుంచి అందరికీ లారీయే. నిజానికి దక్కని జాలి అబద్ధానికి దక్కింది కాబట్టి ఆమె కూడా అబద్ధం దగ్గరే ఆగిపోయింది.

ఈసారి విమానం ఎక్కే ముందు కడపకు పోయి జుబేదా బీని చూసి వచ్చింది. జుబేదా బీ అంటే అమీర్‌బీ తల్లి. అమీర్‌బీ అంటే, కువైట్‌లో మిష్రిఫ్ అనే పేటలో ఒకే ఇంట్లో గంగారత్నంతో కలిసి పనిచేసి, ఆ యుద్ధంలోనే చనిపోయిన మనిషి. శవం కడపకు రాలేదు. ఏ గోరీల దొడ్డిలో పూడ్చారో ఎవరికీ తెలియదు. చూపు సరిగా ఆనని ఆ ముసలామె దర్గాలో ఫాతెహా చదివించిన చక్కెర కాగితంలో పొట్లం కట్టి, దాన్ని మళ్లీ గుడ్డలో మూట కట్టి గంగారత్నం చేతిలో పెట్టింది.

"రత్నమ్మా, నా బిడ్డ గోరీ యాడుందో నాకు తెలీదు. దాని పాణం పోయిన తావు నీకొక్కదానికే తెలుసు. ఆడ కూసోని, దాని పేరు చెప్పి ఇంత నోట్లో యేసుకో. పక్కన ఎవురుంటే వాళ్లకింత పెట్టు. కింద పడనీయొద్దు తల్లీ, మిగల్చొద్దు" అంది.

చదివింపుల చక్కెర పద్ధతి గంగారత్నానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కడప జిల్లాలో పుట్టిన మనిషి, ఏ కులందైనా, దర్గా చక్కెర నాలుక మీద పడకుండా పెరగదు. అది తినాలి, పంచాలి. తొక్కుడు పడే చోట పెట్టకూడదు.

అల్లుడు నరసింహులు హవల్లీలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో పని చేస్తాడు. గంగారత్నం పనిచేసిన ఆ మిష్రిఫ్ ఇంటిని మ్యూజియం చేశారని ఫోన్‌లో ఫొటోలు చూపించింది అతడే. బిడ్డకు నెల దాటాక ఒక శుక్రవారం ఆమెను కారులో ఎక్కించుకుని బయలుదేరాడు గానీ, దారంతా సణుగుతూనే ఉన్నాడు.

"ఏముందత్తా ఆడ? పగిలిపోయిన గోడలు. మాల్‌కు పోదాం రా, ఏసీలో సల్లగా కూసోవచ్చు."

"చూడను కాదులే నాయనా. పనుండి పోతాండా" అంది గంగారత్నం, ఒళ్లోని మూటను చేతితో తడుముకుంటూ.

ఏం పని అని అతడు అడగలేదు. మ్యూజియం వాళ్ల చక్రాల కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, దుకాణంలో ఒకసారి ముఖం చూపించి వస్తానని వెళ్లిపోయాడు.

ఇల్లు అట్లాగే ఉంది. గుండ్లు తగిలిన గోడలను అట్లాగే ఉంచారు. కాలిపోయిన కారును ముందు ఎండలో అట్లాగే నిలబెట్టారు. ముఖద్వారం ముందు తెల్లటి మెట్లు కూడా అవే. రోజూ పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని ఈ మెట్లు కడిగింది గంగారత్నమే. ఇప్పుడు వాటి కింద కుర్చీ ఆగిపోయింది.

నల్లటి అబాయా వేసుకున్న గైడు పిల్ల వచ్చింది. చక్కని పిల్ల, మాట తీరు కూడా మెత్తన. "ఖాలా, మీరు పైకి రాలేరు. ఈ మెట్లు అప్పటివి. చరిత్ర కదా, మార్చకూడదని అట్లాగే ఉంచాం" అంది, మనం పిన్నీ అన్నట్టు పిలుస్తూ. "రాలేనివాళ్ల కోసం దీవానియాలో వీడియో ఉంది. అన్నీ అందులోనే చూడవచ్చు."

ఆ పిల్ల అరబ్బీ గంగారత్నానికి బాగానే అర్థమైంది. వంటింట్లో తిట్లు తింటూ నేర్చుకున్న భాష అంత సులువుగా మరిచిపోరు. దీవానియా అంటే మగవాళ్లు కూర్చునే చావడి, పెరటి నేలకు సమానంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఆమె కాఫీ పళ్లెం గడప దగ్గర అందించి వెనక్కి తిరగడమే గానీ ఆ తివాచీ మీద కాలు పెట్టింది లేదు. ఇప్పుడు కాలు లేని పుణ్యమా అని సరిగ్గా దాని మధ్యలో కూర్చోబెట్టారు.

తెర మీద మామా కనిపించింది. ఇంటి యజమానురాలు. బాగా ముసలిదైపోయింది, గడ్డం వణుకుతోంది. పెద్ద కొడుకు ఫహద్ గురించి చెబుతూ ఏడ్చింది. కొడుకు పోయిన తల్లి ఏడుపు, అందులో అబద్ధం లేదు. ఫహద్‌కు గంగారత్నం తన చేతులతో అన్నం పెట్టింది. పళ్లెం తీసుకుని షుక్రాన్, అంటే థ్యాంక్స్, అనేవాడు ఆ ఇంట్లో అతడొక్కడే. ఆమె కళ్లు కూడా తడి అయ్యాయి. కొంగుతో తుడుచుకుంటూ ఉండగానే మామా తర్వాతి మాట చెవిన పడింది.

"తలుపు తీయవద్దని అందరికీ చెప్పాం. ఖద్దామా తీసింది. ఎందుకు తీసిందో ఆ దేవుడికే తెలియాలి."

ఖద్దామా అంటే పనిమనిషి. ఎందుకు తీసిందో దేవుడి దాకా పోవాల్సిన పనేముంది? గంగారత్నానికి తెలుసు. మామాకు ఇంకా బాగా తెలుసు.

గంగారత్నం ఆ ఇంటికి వచ్చింది యుద్ధానికి రెండేళ్ల ముందు. మొగుడు ఇంకొకదాన్ని చేసుకుని పోతే, పాలు మరవని కూతురు రమణిని తల్లి ఒళ్లో పడేసి వచ్చింది. అప్పటికే అమీర్‌బీ అక్కడ ముదురు పనిమనిషి. ఆమెకు ముందున్న పనిమనిషి పేరు మర్యం కాబట్టి మామా ఆమెను కూడా మర్యం అనే పిలిచేది. కొత్త పేరు గుర్తు పెట్టుకునే ఓపిక ఆ తల్లికి లేదు. అమీర్‌బీ గంగారత్నానికి మొదటి రోజే నేర్పిన పాఠం ఒక్కటే.

"బెల్లు రెండోసారి మోగకూడదు రత్నా. అన్నం తింటాన్నా సరే, నమాజులో ఉన్నా సరే, దొడ్డికి పోయినా సరే. ఒకసారి మోగితే నువ్వు తలుపు కాడ ఉండాల. రెండోసారి మోగిందంటే మామా మన చర్మం ఒలుస్తాది."

గేటు బెల్లు, మామా గది బెల్లు, దీవానియా బెల్లు, అన్నిటికీ అదే లెక్క. గంగారత్నానికి నిద్రలో కూడా బెల్లు వినపడి లేచి నిలబడే అలవాటైంది. ఆ అలవాటు పోవడానికి రాజంపేటలో చాలా కాలం పట్టింది.

ఇరాక్ సైన్యం వచ్చి పడినప్పుడు బాబా, అంటే ఇంటాయన, సౌదీలో ఉన్నాడు. చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు అమ్మాన్ మీదుగా ఇంటికి పోతున్నారని కబురు వచ్చింది. వీళ్ల పాస్‌పోర్టులు మామా బీరువాలో ఉన్నాయి. అడిగితే, "మీరు పోతే నాకు వండేదెవరు?" అంది. తాళం తీయలేదు. దేశం పోయిందని ఏడుస్తూ కూడా వంటకు మనిషిని మాత్రం పోనీయలేదు ఆ ఇల్లాలు.

తిండి కరువైంది. చక్కెర డబ్బా కూడా తాళంలోకి పోయింది. అమీర్‌బీ టీ పెట్టేటప్పుడు ఒక చిటికెడు దుపట్టా కొసకు ముడి వేసుకుని, పని అయ్యాక తమ గదిలో తలుపు మూసి, సగం తను వేసుకుని సగం గంగారత్నం నోట్లో పెట్టేది. వంటింటి పక్కన, ఎత్తున చిన్న కిటికీ ఉన్న ఇరుకు గది అది. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఎవరి కంటా పడకుండా నమలగలిగిన చోటు అదొక్కటే.

చలికాలం చివరికి ఫహద్, అతడి స్నేహితులు ఇద్దరు మేడ మీద తుపాకులు పెట్టుకుని దాక్కున్నారు. బెల్లు మోగితే ఎవరూ తలుపు తీయకూడదని, ముందు తాను పైనుంచి చూస్తానని ఫహద్ అందరికీ ఒట్టు పెట్టి చెప్పాడు. అందరూ తలూపారు. తర్వాత కొన్నాళ్లు ఆ ఇంటికి వచ్చే దిక్కే లేక బెల్లు మోగనే లేదు.

ఆ పొద్దున మోగింది. నూనె బావుల పొగకు ఆకాశం నల్లగా ఉంది. మామా హాల్లో తస్బీహు పూసలు తిప్పుతూ కూర్చుని ఉంది. అమీర్‌బీ బియ్యం కడుగుతోంది. బెల్లు వినపడగానే, ఇన్నేళ్లుగా అన్నట్టే, మామా నోటి నుంచి మాట వచ్చేసింది.

"యా మర్యం, బాబ్!"

తలుపు, అని. అన్నాక మామా చేత్తో నోరు మూసుకుంది. కానీ పిలుపు వినపడ్డాక ఆలోచించి అడుగు వేయడం అమీర్‌బీకి ఎవరు నేర్పారు గనక? తడి చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుంటూ పరుగున పోయింది. "అక్కా" అని గంగారత్నం అరిచేసరికి గొళ్లెం తీసిన చప్పుడైంది. పిలిచినామెకూ అది అలవాటే, పోయినామెకూ అది అలవాటే. బెల్లు మాత్రం రెండోసారి మోగలేదు.

గుమ్మంలో ఇరాక్ సైనికులు. తర్వాత కాల్పులు. వంటింటి గోడ విరిగి గంగారత్నం కాలి మీద పడింది. కడుపులో గుండు తగిలిన అమీర్‌బీ ఆమెను చంకల కింద పట్టుకుని, ఈడ్చుకుంటూ ఆ ఇరుకు గదిలోకి తెచ్చి తలుపు మూసింది. ఎవరి నెత్తురు ఎవరిదో తెలియకుండా ఇద్దరూ చాప మీద పడి ఉన్నారు. ఆ రోజంతా ఎవరూ రాలేదు. సాయంత్రం అమీర్‌బీ, "నోరు చేదుగా ఉండాది రత్నా. ఇంత చక్కెర ఉంటే పెట్టవా" అంది. చక్కెర మామా తాళంలో ఉంది, తాళం గోడ కింద ఉంది. కాసేపటికి ఆమె అడగడం కూడా మానేసింది.

వీడియో అయిపోయింది. గైడు పిల్ల నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది.

"తలుపు తీయమని పిలిచింది మామానే" అంది గంగారత్నం, తనకు వచ్చిన అరబ్బీలో. "పేరు మర్యం కాదు, అమీర్‌బీ. నేను ఇక్కడే ఉన్నాను. ఈ కాలు ఇక్కడే పోయింది."

ముప్పై ఏళ్లుగా గొంతులో అడ్డంపడిన మాట. పైకి వస్తే నేల అదురుతుందనుకుంది. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. "మాషల్లా! మీరు ఈ ఇంట్లో పని చేశారా?" అని ఫోన్ తీసి, కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నవ్వుతూ ఇద్దరికీ కలిపి ఒక ఫొటో తీసుకుంది. తర్వాత మెల్లగా, "కానీ అది వీడియోలో లేదు ఖాలా. వీడియోలో మాట్లాడిన హాజ్జా కూడా చనిపోయారు కదా, అల్లా దయ చూపుగాక. ఇప్పుడు ఎవరిని అడుగుతాం?" అంది.

మాట ఎట్లాగూ పోయింది, వచ్చిన పనైనా కావాలి కదా. గంగారత్నం మూటను గట్టిగా పట్టుకుని, "పనిమనిషి గది చూపించు" అని అడిగింది.

"అక్కడ చూడటానికి ఏమీ లేదు ఖాలా. ఓ..." ఆ పిల్లకు ఏదో తట్టినట్టుంది, ముఖం విప్పారింది. "మీకు అక్కడికి పోవాలా? చెప్పరేం! రండి, కుర్చీ నేరుగా పోతుంది."

నిజమే, నేరుగా పోయింది. పెరటి పక్కగా నున్నటి వాలు దారి, దానికి ఇనుప కడ్డీ. తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ. "వికలాంగుల కోసం ప్రత్యేకంగా కట్టించాం" అని ఆ పిల్ల ఎంతో సంతోషంగా చెప్పి, తలుపు తీసి పట్టుకుని, లోపలికి పంపి, మర్యాదగా తలుపు మూసి వెళ్లిపోయింది.

మరుగుదొడ్డి. తెల్లటి టైల్స్, అద్దం, చేతులు పట్టుకునే కడ్డీలు, ఆపద వస్తే లాగే ఎర్రటి తాడు. ఎత్తున ఉన్న చిన్న కిటికీని మాత్రం మార్చలేదు. ఆ కిటికీ కింది మూలలో, అమీర్‌బీ తల వాల్చిన చోట, కమోడ్ ఉంది.

మెట్లు చరిత్ర కాబట్టి వాటిని ముట్టుకోలేదు. కాలిన కారు చరిత్ర, గోడకు పడిన చిల్లులు చరిత్ర. పనిమనిషి గది చరిత్ర కాదు కాబట్టి పగలగొట్టి దొడ్డి కట్టారు. ఆ ఇంట్లో గంగారత్నం లాంటి వాళ్ల కోసం చేసిన ఏర్పాటు అదొక్కటే. దాన్ని చేసింది సరిగ్గా అక్కడే. గంగారత్నం ఎవరిని తిట్టాలో తెలియక, "థూ, మీ మ్యూజియం పాడుగాను" అని గోడను తిట్టింది.

కుర్చీ దిగి, కడ్డీ పట్టుకుని, ప్లాస్టిక్ కాలు చాపుకుని కింద కూర్చుంది. మూట ఒళ్లో పెట్టుకుంది గానీ ముడి విప్పడానికి చేతులు రాలేదు. దర్గాలో చదివించిన చక్కెర దొడ్లో ఎట్లా విప్పేది? ఎట్లా తినేది? తినకుండా పోతే ఆ ముసలామెకు ఏం చెప్పేది? మళ్లీ ఇక్కడికి వచ్చే వీసా ఈ జన్మలో దొరకదు. "అక్కా, నీకు ఇంత చక్కెర పెట్టేదానికి గూడా తావు లేకుండా చేసినారే" అని గొంతెత్తి ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి లేవబోతే నున్నటి టైల్స్ మీద కాలు నిలవలేదు. రెండుసార్లు ప్రయత్నించి, చేసేది లేక ఎర్ర తాడు లాగింది. ఎక్కడో బెల్లు మోగింది.

మోగిన మరుక్షణం బయట చెప్పుల చప్పుడు. నీలం ఏప్రాన్ కట్టుకున్న ఆడమనిషి తలుపు తోసుకుని వచ్చింది. "క్యా హువా?" అని, గంగారత్నం చీర కట్టు చూసి, "అయ్యో, పడిపోయారేంటండీ?" అంది. మెడలో చిన్న శిలువ, మాటలో గోదావరి యాస. పేరు దీనమ్మట.

"పడలేదులే. కూసున్నా. అదేమే, బెల్లు మోగీ మోగకముందే ఉరికొస్తివి?"

"రాకపోతే ఎలాగండీ? రెండోసారి మోగిందంటే సూపర్‌వైజర్ ఊరుకోడండి" అంది దీనమ్మ, ఆమెను లేపి కుర్చీలో కూర్చోబెడుతూ.

గంగారత్నం ఆ మనిషి ముఖం కేసి చాలాసేపు చూసింది. తర్వాత మూట చూపించి, చనిపోయిన మనిషి పేరు మీద చదివించిన చక్కెర అనీ, పక్కనున్నవాళ్లకు పెట్టాలనీ, బయటికి పోయి పెడతాననీ చెప్పింది.

దీనమ్మ కంగారుగా తల అడ్డంగా ఊపింది. "బయటొద్దండీ, అన్ని చోట్లా కెమెరాలేనండి. డ్యూటీలో నోరు ఆడించామంటే అయిపోయినట్టేనండి. ఇక్కడొక్కచోటే కెమెరా లేదండి. మేం ఓ బిస్కెట్ ముక్క నోట్లో వేసుకోవాలన్నా ఇక్కడికే వస్తామండి" అని తలుపుకు గడియ పెట్టి, చెయ్యి కడుక్కుని, ఏప్రాన్‌కు తుడుచుకుని చాపింది.

గంగారత్నం ముడి విప్పింది. దీనమ్మ అరచేతిలో ఒక్క పలుకు కూడా కింద పడకుండా పోసింది. మిగిలింది తన అరచేతిలో పోసుకుంది.

"ఎవరి పేరు మీదండీ?"

"అమీర్‌బీ. ఈ గదిలోనే ఉండె."

దీనమ్మ ఆ పేరు ఒకసారి పలికి చక్కెర నోట్లో వేసుకుంది. గంగారత్నం కూడా వేసుకుంది. ఇద్దరూ ఆ చిన్న కిటికీ కింద, దొంగల్లా చప్పరించారు.

ఇంతలో ఆఫీసు గదిలో బెల్లు మోగింది. దీనమ్మ నోట్లో చక్కెర ఇంకా కరగనే లేదు. చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుంటూ గడియ తీసి పరుగందుకుంది.

"ఆగు తల్లీ! పోవద్దు" అని గంగారత్నం అరిచింది.

బెల్లు రెండోసారి మోగలేదు.